విశాఖ ముద్రణాలయం, అరకు పాఠకుడు: ‘ఈనాడు’ పత్రికా సంస్థ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:

• తెలుగు దినపత్రికల యాజమాన్యం వ్యక్తుల చేతి నుంచి వ్యాపార సంస్థల చేతికి మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• 1974లో విశాఖపట్నంలో ‘ఈనాడు’ స్థాపనకు దోహదం చేసిన పరిస్థితులను గుర్తించగలుగుతారు.
• ప్రచురణ కేంద్రాల విస్తరణ, జిల్లా పేజీల ప్రవేశం వార్త స్వభావాన్ని ఎలా మార్చాయో చర్చించగలుగుతారు.
• అరకులోయ వంటి గిరిజన ప్రాంతం ఈ మార్పుల్లో ఏమి పొందిందో, ఏమి పొందలేకపోయిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

పత్రికల చరిత్ర అనగానే మనకు సంపాదకుల పేర్లు, స్థాపన తేదీలు, జాతీయోద్యమంలో ఆ పత్రికలు వహించిన పాత్ర గుర్తుకు వస్తాయి. ఇవన్నీ తెలుసుకోవలసినవే. అయితే దినపత్రికకు మరో స్వభావం కూడా ఉంది. అది పాల వంటి సరుకు. తెల్లవారేసరికి గుమ్మంలో ఉండాలి. మధ్యాహ్నం వస్తే సగం విలువ పోతుంది, మర్నాడు వస్తే పొట్లం కట్టుకోవడానికి పనికివస్తుంది. అందువల్ల ఒక పత్రికా సంస్థ చరిత్రను చదివేటప్పుడు అందులో ఎవరు రాశారు అనే ప్రశ్నతో పాటు, అది ఎక్కడ అచ్చయింది, ఎన్ని గంటలకు ఎవరికి చేరింది అనే ప్రశ్నలను కూడా వేసుకోవాలి.

ఈ పాఠంలో మనం ‘ఈనాడు’ దినపత్రిక చరిత్రను అరకులోయ వైపు నుంచి చూస్తాం. ఆ పత్రిక పుట్టిన విశాఖపట్నానికి అరకు సుమారు 115 కిలోమీటర్ల దూరం. శృంగవరపుకోట దాటిన తరువాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. దూరం తక్కువే అయినా కొండ ఎక్కాలి. మైదానంలో సులభంగా కనబడే ఒక సంస్థ శక్తి, దాని పరిమితి రెండూ ఇటువంటి చోట స్పష్టంగా బయటపడతాయి.

ముందుగా ఒక పదం గురించి చెప్పుకుందాం. విశాఖ మన్యాన్ని ప్రజలు నేటికీ ‘ఏజెన్సీ’ అంటారు. 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు పాలన కిందికి తెచ్చింది. ఆ ఏజెంటు పాలించే ప్రాంతం ఏజెన్సీ అయింది. పత్రికా రంగంలోనూ ‘ఏజెన్సీ’ అనే మాటే వినబడుతుంది: వార్తలు అందించే సంస్థ వార్తా ఏజెన్సీ, పేపరు కట్టలు దించుకొని పంచే వ్యాపారం పేపరు ఏజెన్సీ. మాట ఒకటే అయినా ఈ మూడింటినీ కలపకుండా చదవండి. కొండల ఏజెన్సీకి పేపరు ఏజెన్సీ ఎప్పుడు, ఎలా చేరిందన్నదే ఈ పాఠంలోని ముఖ్యాంశం.

2. పత్రిక దూరంగా ఉన్న కాలం

మన్యంలో దేశమంతా చెప్పుకున్న సంఘటన జరిగినప్పుడు మన్యానికి దగ్గరలో దినపత్రిక లేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేశాడు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల వంతు వచ్చింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు మరణించారు. 1924 మే 7న కొయ్యూరు వద్ద రామరాజును కాల్చి చంపారు. పోడు వ్యవసాయం మీద అటవీ ఆంక్షలు, గూడెం ప్రాంతపు రోడ్డు పనుల్లో కూలి ఎగవేత, వెట్టి చాకిరి ఈ తిరుగుబాటుకు ముఖ్య కారణాలని మీకు తెలిసినదే. ఈ పోరాటం ప్రధానంగా గూడెం, చింతపల్లి ప్రాంతాలలో జరిగింది. అరకు దానికి ఉత్తరాన ఉంది. అయినా ఏజెన్సీ పాలన, అటవీ చట్టాలు రెండు ప్రాంతాలకూ ఒకటే.

ఆనాడు తెలుగువారు చదివే దినపత్రికల కేంద్రం మద్రాసు. ‘ఆంధ్ర పత్రిక’ అక్కడి నుంచే వచ్చేది. ఆంగ్లంలో ‘ది హిందూ’, 1921లో టంగుటూరి ప్రకాశం ప్రారంభించిన ‘స్వరాజ్య’ కూడా మద్రాసువే. కొండల మీద ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడానికి ఇవి ప్రభుత్వ ప్రకటనల మీద, మైదానపు పట్టణాల నుంచి అందే కబుర్ల మీద ఆధారపడవలసి వచ్చింది. అహింసను నమ్మిన జాతీయోద్యమ నాయకత్వానికి ఈ సాయుధ మార్గం ఇబ్బందిగానూ ఉండేది. మద్దూరి అన్నపూర్ణయ్య సంపాదకత్వంలోని ‘కాంగ్రెస్’ పత్రిక వంటివి రామరాజు పట్ల అభిమానాన్ని బాహాటంగా ప్రకటించాయి. మొత్తం మీద తిరుగుబాటు వార్తగా అచ్చయింది. కానీ తిరగబడిన గిరిజనుడు ఆ వార్తను చదవలేదు, తన మాటను అందులో చేర్చలేకపోయాడు.

అంతమాత్రాన కొండల్లో వార్తా ప్రసారమే లేదని అనుకోకూడదు. దాడికి ముందు రామరాజు పంపిన కబురును ‘మిరపకాయ టపా’ అని జనం నేటికీ చెప్పుకుంటారు. దండోరా ఉంది. అన్నింటికీ మించి సంత ఉంది. వారానికొకసారి పిప్పళ్లు, పసుపు, చింతపండు, అడ్డాకులతో దిగివచ్చే వారికి సంతే పత్రిక. పెళ్లి కబురు, చావు కబురు, అటవీ గార్డు కొత్తగా విధించిన ఆంక్ష, షావుకారు పెంచిన వడ్డీ అన్నీ అక్కడే తెలిసేవి. మైదానపు పత్రిక ఈ సంతతో పోటీ పడి గెలవవలసి ఉంది. దానికి చాలా కాలం పట్టింది.

3. తెలుగు పత్రికా సంస్థలు: మూడు యాజమాన్య పద్ధతులు

‘ఈనాడు’ స్థానాన్ని సరిగా అంచనా వేయాలంటే అంతకుముందున్న రెండు సంస్థలతో దానిని పోల్చాలి.

మొదటి పద్ధతి: దేశభక్తుడైన వ్యాపారి నడిపిన పత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో 1893లో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. ఆ రాబడి ఆధారంగా 1908 సెప్టెంబరు 9న బొంబాయిలోనే ‘ఆంధ్ర పత్రిక’ను వారపత్రికగా స్థాపించారు. 1914లో దానిని మద్రాసుకు తరలించి దినపత్రికగా మార్చారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు తెలుగువారి రాజకీయ చైతన్యానికి పెట్టుబడి అయింది. పత్రిక నష్టపోతే మందు ఆదుకునేది. ఈ పద్ధతిలో పత్రికకు ప్రాణం యజమాని ఆశయమే. 1938లో ఆయన మరణించిన తరువాత కూడా పత్రిక చాలాకాలం నడిచి 1991లో ఆగిపోయింది.

రెండవ పద్ధతి: జాతీయ స్థాయి గొలుసు సంస్థ. 1938 ఆగస్టు 15న మద్రాసులో ‘ఆంధ్రప్రభ’ వెలువడింది. రామ్‌నాథ్ గోయెంకా అధిపతిగా ఉన్న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ దీనిని ప్రచురించింది. అనేక నగరాల్లో, ఒకటికి మించిన భాషల్లో పత్రికలున్న సంస్థకు తెలుగు పత్రిక ఒక శాఖ. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో అది గొప్ప పేరు తెచ్చుకుంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలుగు పత్రికల కేంద్రం క్రమంగా మద్రాసు నుంచి విజయవాడకు మారింది. ‘విశాలాంధ్ర’ 1952 నుంచే విజయవాడలో దినపత్రికగా ఉంది. 1960 జూలై 1న నార్ల సంపాదకుడుగా ‘ఆంధ్రజ్యోతి’ అక్కడే ప్రారంభమైంది.

మూడవ పద్ధతి: ప్రాంతీయ వ్యాపార సంస్థ. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో 1936 నవంబరు 16న జన్మించిన చెరుకూరి రామోజీరావు 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్‌ను, 1969లో రైతుల కోసం ‘అన్నదాత’ మాసపత్రికను ప్రారంభించారు. చిట్టీల వ్యాపారం పట్టణాల మధ్యతరగతి ఇంటి ఖర్చును, పొదుపును దగ్గరగా చూపించింది. వ్యవసాయ పత్రిక పల్లె పాఠకుడి అవసరాన్ని చూపించింది. ఆయన దినపత్రిక ప్రారంభించే నాటికి ఈ రెండు రకాల అనుభవం చేతిలో ఉంది.

ఈ మూడింటిలో ఒక సామ్యాన్ని గమనించండి. మూడుచోట్లా పత్రిక మరో ఆదాయం మీద నిలబడింది. భేదం కూడా ఉంది. మొదటి రెండు సంస్థలు ఒకే పెద్ద కేంద్రంలో పత్రికను అచ్చువేసి రైలులో దూరాలకు పంపాయి. మూడవ సంస్థ పత్రికకు బదులు ముద్రణాలయాన్నే పాఠకుడి దగ్గరకు తీసుకువెళ్లింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి
(అ) ‘ఆంధ్ర పత్రిక’కు ఆర్థికాధారంగా నిలిచిన వ్యాపారం ఏది?
(ఆ) ‘ఆంధ్రప్రభ’ను ప్రచురించిన సంస్థ ఏది?

4. 1974 ఆగస్టు 10: విశాఖపట్నం

1970 దశకం ప్రారంభంలో విశాఖపట్నం వేగంగా పెరుగుతున్న పారిశ్రామిక నగరం. రేవు, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం అప్పటికే ఉన్నాయి. ‘విశాఖ ఉక్కు’ కోసం 1966లో పెద్ద ఉద్యమం జరిగింది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వల్ల చదువుకున్నవారి సంఖ్య ఎక్కువ. ఇంత నగరానికి విజయవాడలో అచ్చయిన పత్రికలు తెల్లవారిన చాలాసేపటికి గాని వచ్చేవి కావు.

ఈ ఖాళీని గుర్తించి 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ను ప్రారంభించారు. ఏబీకే ప్రసాద్ తొలి రోజుల్లో సంపాదక బాధ్యత వహించారు. ప్రచురణ సంస్థ పేరు ఉషోదయ పబ్లికేషన్స్. ఆ పేరు సంస్థ లక్ష్యాన్నే చెబుతుంది: సూర్యోదయానికి పత్రిక చేతిలో ఉండాలి.

పత్రిక పేరును కూడా పరిశీలించండి. అంతకుముందు ప్రముఖ దినపత్రికల పేర్లలో ‘ఆంధ్ర’ అనే మాట తరచుగా కనబడేది. వెనుక సంస్కృత పదం ఉండేది. ‘ఈనాడు’ అచ్చ తెలుగు మాట. ‘ఈ రోజు’ అని ఒక అర్థం, ‘ఈ ప్రాంతం’ అని మరొక అర్థం. తాజాదనం, స్థానికత రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడాయి. పత్రిక భాష కూడా ఈ దారిలోనే నడిచింది. చిన్న వాక్యం, వాడుక మాట, చదువు తక్కువ ఉన్నవారికి కూడా అందే శీర్షిక దాని లక్షణాలయ్యాయి.

ఆ కాలం పత్రికలకు అనుకూలమైనదేమీ కాదు. పత్రికల కాగితం దిగుమతి ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. పేజీల సంఖ్య మీద ప్రభుత్వం విధించిన పరిమితిని 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి, దానితో వార్తల మీద సెన్సార్ వచ్చాయి. అది అమలులో ఉండగానే, 1975 డిసెంబరులో ‘ఈనాడు’ హైదరాబాద్ ప్రచురణ ప్రారంభమైంది. 1978లో విజయవాడ, 1982లో తిరుపతి కేంద్రాలు చేరాయి. దీనితో ఉత్తర కోస్తా, తెలంగాణ, మధ్య కోస్తా, రాయలసీమ నాలుగింటికీ దగ్గరలో ముద్రణాలయం ఏర్పడింది.

దూరాన్ని జయించడానికి మరో మార్గం కూడా ఉందని గుర్తుంచుకోండి. ‘ది హిందూ’ 1963 నుంచి చిన్న విమానాల్లో పత్రికను దూరపు నగరాలకు పంపింది. 1969లో పేజీ ప్రతిరూపాన్ని మద్రాసు నుంచి కోయంబత్తూరుకు ప్రసారం చేసి అక్కడ అచ్చువేసింది. ఆ పద్ధతిలో అన్ని చోట్లా దాదాపు ఒకే పత్రిక చేరుతుంది. ‘ఈనాడు’ విస్తరణలో ప్రతి కేంద్రానికి సొంత వార్తా విభాగం ఉంది. అందువల్ల ఒక్కో ప్రాంతానికి కొంత వేరు పత్రిక తయారైంది. ఈ భేదం తరువాతి పరిణామాలకు మూలం.

రాజకీయంగా కూడా సంస్థ ప్రభావం పెరిగింది. 1982 మార్చిలో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీని స్థాపించినప్పుడు, 1983 జనవరి ఎన్నికలలో ఆ పార్టీ గెలిచినప్పుడు ‘ఈనాడు’ బహిరంగంగా మద్దతు తెలిపింది. ఒక పత్రిక రాజకీయ శక్తిగా మారితే పాఠకుడికి లాభమా, నష్టమా అనే చర్చ అప్పటినుంచి తెలుగునాట సాగుతూనే ఉంది. 1984లో ‘ఉదయం’, 2008లో ‘సాక్షి’ వచ్చినప్పుడు ఈ చర్చ కొత్త రూపాలు తీసుకుంది.

5. జిల్లా పేజీలు: వార్త గడప దాకా

1989లో ‘ఈనాడు’ జిల్లా పేజీలను ప్రవేశపెట్టింది. ప్రధాన పత్రికతో పాటు ప్రతి జిల్లాకు చిన్న సైజులో ప్రత్యేక అనుబంధం ఇవ్వడం దీని పద్ధతి. దీని వెనుక ఉన్న ఒక పాలనా మార్పును చరిత్ర విద్యార్థులు గమనించాలి. 1985లో రాష్ట్ర ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలను ఏర్పాటు చేసింది. ప్రజలు ఎక్కే గడప దగ్గరయింది. ఎమ్మార్వో, మండల పరిషత్తు, మండల విద్యాధికారి అందరూ ఒకే ఊరిలో ఉండసాగారు. ఒక్కో మండలం ఒక్కో వార్తా కేంద్రంగా పనికివచ్చింది. విశాఖ ఏజెన్సీలో ఇటువంటి మండలాలు 11: అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు. మండల వ్యవస్థే లేకపోతే జిల్లా పేజీలు నిండేవి కావని నా అభిప్రాయం.

ఈ పేజీలను నింపినది మండల విలేకరి. అతడు చాలా సందర్భాల్లో సంస్థ పూర్తికాల ఉద్యోగి కాడు. మరో పని చేసుకుంటూ, అచ్చయిన వార్త కొలతను బట్టి పారితోషికం పొందేవాడు. బస్సు డ్రైవరు చేతికి వార్త కవరు ఇచ్చి పంపడం, తరువాత ఫోను, ఫ్యాక్సు, ఇప్పుడు సెల్‌ఫోను. సాధనాలు మారాయి. అయినా కొండ దారిలో వార్త వెదుకుతూ తిరిగే శ్రమ, ఆదాయంలోని అనిశ్చితి అంతగా మారలేదు. సంస్థల చరిత్రలో యజమానుల పేర్లు ఉంటాయి, సంపాదకుల పేర్లు ఉంటాయి. ఈ విలేకరి పేరు సాధారణంగా వార్త పైన కూడా ఉండదు. ఊరి పేరు, తరువాత ‘న్యూస్‌టుడే’ అనే మాట మాత్రమే కనబడతాయి.

పత్రిక కొండల మీదికి చేరిన మార్గం కూడా చెప్పుకోవాలి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960 దశకంలో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం నిర్మించారు. అరకు ప్రజలకు రైలు కావాలని వేసిన మార్గం కాదది. ఖనిజం దిగడానికి వేసిన దారిలో మనుషులు, సరుకులు, పత్రికలు కూడా ప్రయాణించాయి. విశాఖలో ఉదయం బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్, యాభైకి పైగా సొరంగాలు దాటి, అరకు చేరడానికి సుమారు 4 గంటలు పడుతుంది. ఘాట్ రోడ్డు మీద వచ్చే వాహనం అంతకంటె ముందే చేరగలదు. అక్కడి నుంచి గూడేలకు మళ్లీ కాలిబాట. మైదానంలో సూర్యోదయ పత్రిక అయినది, రోడ్డు లేని గూడెంలో సంత నాటి పత్రికే అవుతుంది.

6. దగ్గరయిన వార్త, దూరమైన వార్త

జిల్లా పేజీల వల్ల అరకు ప్రాంతం పొందిన లాభం చిన్నది కాదు. వంతెన లేని గెడ్డ, ఉపాధ్యాయుడు రాని బడి, మందులు లేని ఆరోగ్య కేంద్రం, రోగిని డోలీలో మోసుకువచ్చిన కుటుంబం అచ్చులోకి వచ్చాయి. మద్రాసు పత్రికల కాలంలో ఇవి వార్తలే కావు. అచ్చయిన మర్నాడు అధికారి కదలడం, కనీసం సంజాయిషీ చెప్పడం కూడా మొదలైంది.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. జిల్లా పేజీ ఆ జిల్లా పాఠకుడికే వెళుతుంది. అనంతగిరి మండలంలోని డోలీ వార్తను అనంతపురం పాఠకుడు చూడడు, తిరుపతి పాఠకుడు చూడడు. ప్రధాన పత్రిక చదివే విధాన నిర్ణేత కంట పడాలన్నా ఆ వార్త ప్రధాన పేజీకి ఎక్కాలి. అంటే గిరిజన గూడెం గొంతును అచ్చులోకి తెచ్చిన పద్ధతే, ఆ గొంతు జిల్లా సరిహద్దు దాటకుండా అడ్డుగోడ కూడా కట్టింది. పత్రిక దగ్గరకు రావడం, వార్త దూరం పోవడం వేరువేరు విషయాలు. ఈ పాఠం నుంచి మీరు గ్రహించవలసిన ప్రధానాంశం ఇదే.

ఈ గోడ దాటరానిది కాదు. దానికి నెల్లూరు జిల్లా ఉదాహరణ. అక్షరాస్యతా ఉద్యమంలో చదువుకున్న దూబగుంట మహిళలు 1992లో తమ ఊరిలో సారా దుకాణాన్ని మూయించారు. ఒక పల్లె సంగతిగా మొదలైన దానిని ‘ఈనాడు’ రాష్ట్ర సమస్యగా చేపట్టింది. రోజూ వార్తలు, వ్యాఖ్యలు, కార్టూన్లు ప్రచురించింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. సంస్థ తలచుకుంటే జిల్లా వార్తను రాష్ట్ర వార్తగా మార్చగలదని దీనివల్ల రుజువైంది.

మరి కొండల వార్తకు ఆ దారి ఎందుకు అంత సులభంగా తెరుచుకోదు? మూడు కారణాలు చెప్పవచ్చు. మొదటిది ప్రకటనల ఆదాయం. పత్రిక అమ్మకం ధర దాని తయారీ ఖర్చుకు చాలదు, మిగిలినది ప్రకటనలు పూడ్చాలి. దూబగుంట వార్త చదివిన పట్టణ మహిళ సబ్బు, చీర, వంటనూనె కొనే కుటుంబంలోని మనిషి. గూడెంలోని పాఠకుడిని వెదుక్కుంటూ ప్రకటనకర్త రాడు. రెండవది పాఠకుల సంఖ్య. దీనిని తరువాతి భాగంలో చూద్దాం. మూడవది అలవాటు. ప్రధాన పేజీలో మన్యానికి ముందుగానే కొన్ని స్థానాలు ఖాయమై ఉన్నాయి: పర్యాటకం, చలికాలపు పొగమంచు, కాఫీ, థింసా నృత్యం, లేదా హింస. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు వద్ద అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపినప్పుడు ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. అంతకుముందు రోజు ఆ ఊరి పేరు ఎందరికి తెలుసు?

చట్ట చరిత్రలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. అనంతగిరి మండలం బొర్రా పరిసర గ్రామాలలో గనుల లీజుల మీద ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ న్యాయపోరాటం చేసింది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. దేశంలోని ఐదవ షెడ్యూలు ప్రాంతాలన్నిటికీ సంబంధించిన చర్చకు అది మూలమయింది. దాని పుట్టుక మాత్రం కొన్ని గూడేల భూమి తగాదా. ఏ వార్త ‘స్థానికం’, ఏ వార్త ‘జాతీయం’ అన్నది సంఘటన జరిగినప్పుడే ఎవరికీ తెలియదని ఈ ఉదాహరణ చెబుతుంది.

7. అక్షరం, భాష

1971 జనగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగల అక్షరాస్యత 5.34 శాతం. ‘ఈనాడు’ పుట్టడానికి మూడేళ్ల ముందున్న స్థితి ఇది. 1981లో 7.82 శాతం, 1991లో 17.16 శాతం, 2001లో 37.04 శాతం, 2011లో 49.2 శాతం. ఈ అంకెలను పత్రిక చరిత్ర పక్కన పెట్టి చూడండి. విశాఖలో ముద్రణాలయం ఏర్పడిననాడు రాష్ట్రంలోని ప్రతి 100 మంది గిరిజనుల్లో చదవగలిగినవారు సుమారు ఐదుగురు. జిల్లా పేజీలు వచ్చిన కాలానికి కూడా ఆరుగురిలో ఒకరికి మించరు. కాబట్టి చాలా కాలం పాటు గిరిజనుడు పత్రికలో వార్తగా ఉన్నాడు, దాని కొనుగోలుదారుగా లేడు. టీకొట్టు దగ్గర ఒకరు చదివితే పదిమంది వినడమే అక్కడి పత్రికా పఠనం. ప్రచారసంఖ్య లెక్కల్లో ఈ పదిమంది కనబడరు.

రెండవ అంశం భాష. అరకు ప్రాంతంలో కోందులు కువి మాట్లాడతారు. కొండదొర, పోర్జ, గదబ తెగలకు తమ తమ భాషలున్నాయి. వేర్వేరు తెగలవారు సంతలో కలిసినప్పుడు ఆదివాసీ ఒడియా, తెలుగు వినబడతాయి. వీరిలో ఎందరికో తెలుగు బడిలో నేర్చుకున్న భాష. ప్రాథమిక పాఠశాలల్లో గిరిజన మాతృభాషల్లో పాఠ్యపుస్తకాలు తెచ్చే ప్రయత్నం 2000 దశకంలో జరిగింది. దినపత్రిక ఆ దిశగా రాలేదు. ‘వాడుక తెలుగు’ను గెలిపించిన పత్రికకు కూడా వాడుక అంటే మైదానపు వాడుకే.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఒకనాడు మద్రాసు పత్రికలకు దూరపు తిరుగుబాటుదారు అయిన మనిషి పేరు ఇప్పుడు జిల్లా పేరు. కొండలకు సొంత జిల్లా వచ్చింది గనుక సొంత జిల్లా వార్తలూ వస్తాయి. అదే సమయంలో విశాఖ నగరంతో ఉన్న పాత జిల్లా బంధం తెగింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కొండల మనిషి చేరేది ఇప్పటికీ విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికే. నగర పాఠకుడికి ఆ మనిషి ఊరి వార్త ఇక మీదట ‘పక్క జిల్లా’ వార్త.

పత్రిక ఇప్పుడు సెల్‌ఫోను తెరమీద కూడా వస్తున్నది. ఏ జిల్లా పేజీనైనా ఏ ఊరి నుంచైనా తెరిచి చూడవచ్చు. 1989లో ఏర్పడిన గోడకు ఇది ఒక కిటికీ. అయితే కిటికీ ఉన్నంత మాత్రాన చాలదు, అందులోనుంచి చూడాలన్న కోరిక ఉండాలి. రామోజీరావు 2024 జూన్ 8న మరణించారు. అదే సంవత్సరం ఆగస్టు 10న పత్రికకు 50 ఏళ్లు నిండాయి. ముద్రణాలయాన్ని పాఠకుడి దగ్గరకు తీసుకువెళ్లిన సంస్థగా అది తెలుగు చరిత్రలో నిలుస్తుంది. పాఠకులు ఒకరికొకరు ఎంత దగ్గరయ్యారన్నది రాబోయే తరం చరిత్రకారులు తేల్చవలసిన విషయం. ఆ తరంలో మీరూ ఉన్నారు.

8. సారాంశం

తెలుగు దినపత్రిక మద్రాసు నుంచి విజయవాడకు, అక్కడి నుంచి విశాఖపట్నం, హైదరాబాద్, తిరుపతి వంటి కేంద్రాలకు, చివరకు జిల్లా, మండల స్థాయికి చేరింది. ఈ ప్రయాణంలో 1974లో విశాఖలో పుట్టిన ‘ఈనాడు’ ప్రధాన పాత్ర వహించింది. వ్యాపార అనుభవం, ప్రాంతీయ ముద్రణ, వాడుక భాష, జిల్లా పేజీలు దాని విజయానికి ఆధారాలు. అరకులోయ వంటి గిరిజన ప్రాంతానికి దీనివల్ల అచ్చులో చోటు దొరికింది. కానీ ఆ చోటు ఎక్కువగా జిల్లా సరిహద్దు లోపలే ఉండిపోయింది. అక్షరాస్యత, భాష, ప్రకటనల ఆదాయం ఈ పరిమితికి కారణాలు.

9. కృత్యం

మీకు అందుబాటులో ఉన్న ఏదైనా తెలుగు దినపత్రికను 30 రోజులు పరిశీలించండి. మన్యం ప్రాంతపు వార్తలను రెండు జాబితాలుగా రాయండి: ప్రధాన పత్రికలో వచ్చినవి, జిల్లా పేజీలో వచ్చినవి. ప్రతి వార్తలో మాట్లాడినది ఎవరో గుర్తించండి: అధికారి, నాయకుడు, పర్యాటకుడు, లేక గూడెం మనిషి. పత్రికలో అడుగున ఉండే ముద్రణ వివరాలను చదివి, ముద్రాపకుడు, ప్రచురణకర్త, ముద్రణ స్థలం రాసుకోండి. 1867 నాటి చట్టం కాలం నుంచి పత్రికలు ఈ వివరాలు ప్రకటిస్తూ వచ్చాయి గనుక, పత్రికా సంస్థల చరిత్రకు ఇంతకంటె సులభంగా దొరికే ఆధారం లేదు. మీ పరిశీలన ఈ పాఠంలోని అభిప్రాయాలతో ఏకీభవించకపోతే, మీ లెక్కలనే నమ్మి కారణాలు రాయండి.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. తెలుగు దినపత్రికల యాజమాన్య పద్ధతులలో వచ్చిన మార్పులను సోదాహరణంగా వివరించండి.
2. జిల్లా పేజీల వల్ల గిరిజన ప్రాంతాలకు కలిగిన లాభనష్టాలను విశ్లేషించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 1974 నాటికి విశాఖపట్నంలో దినపత్రిక స్థాపనకు అనుకూలించిన పరిస్థితులేవి?
2. మండల వ్యవస్థకు, జిల్లా పేజీలకు గల సంబంధాన్ని తెలపండి.
3. సారా వ్యతిరేకోద్యమంలో పత్రిక పాత్ర ఏమిటి?

మీ ప్రగతిని పరిశీలించుకోండి: సమాధానాలు
(అ) అమృతాంజనం వ్యాపారం. (ఆ) ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంస్థ.